పట్టేసిన బోల్టుకు సమ్మెట మందు కాదు

తెలుగు పండితుడికి కార్ల కమాన్లతో ఏం పని అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. విశాఖపట్నం వన్ టౌన్‌లో కాపురముండేవాడికి తుప్పుతో పరిచయం తప్పదు. ఇక్కడి ఉప్పుగాలికి కిటికీ ఊచలే పొరలుపొరలుగా లేచిపోతాయి. ఇక ఏళ్ల తరబడి వీధిలో నిలబడే పాత కారు అడుగుభాగం సంగతి చెప్పాలా?

కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో 1950ల చివరి నుంచి తయారైన అంబాసిడర్ ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. మారుతీ 800 కూడా అదే ఏడాది ఆగింది. కాబట్టి ఈ బళ్లలో ఒక భాగాన్ని విరగ్గొట్టుకొంటే దానికి జోడు వెతుక్కోవడమే ఒక పని. అందుచేత నా అభిప్రాయం ఇది: పాత బండి మరమ్మతులో రోగనిర్ణయం ముందు, పానా తరువాత, సుత్తి అన్నిటికన్నా చివర.

ఒక మిత్రుని అంబాసిడర్ వెనుక ఎడమపక్కకు వాలి, గతుకుల్లో టకటకమనేది. ఒకచోట చూపిస్తే షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చి డబ్బు పుచ్చుకొన్నారు. వాలు అలాగే ఉంది. కురుపాం మార్కెట్ వైపు పనిచేసే ఒక వృద్ధ మేస్త్రి బండిని చదునైన నేల మీద పెట్టించి, రెండు పక్కలా ఎత్తు కొలిచాడు. ఒక్కొక్క మూలనూ బలంగా నొక్కి వదిలాడు.

"షాకు పోతే బండి ఊగుతాది గానీ వాలదండి మేస్టారూ. కమాన్లో పట్టీ ఇరిగుంటాది, సూడండి" అన్నాడు.

నిజమే. బరువు మోసేది కమాను. ఊపును అణచేది షాక్ అబ్జార్బరు. చూస్తే పట్టీ ఒకటి విరిగే ఉంది. టకటకకు కారణం కమాను చివర షాకిల్‌లో రబ్బరు బుష్షు అరిగిపోవడం.

షాకిల్ నట్టు మాత్రం పట్టేసింది. కుర్రవాడు సమ్మెట ఎత్తబోతే మేస్త్రి వారించాడు. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరల సందుల్లో ఉబ్బి బిగుసుకొంటుంది. మొండిబలం ప్రయోగిస్తే తుప్పు వదలదు, బోల్టు తెగుతుంది. వైరు బ్రష్షుతో మరలు శుభ్రం చేసి, పల్చటి నూనె పోసి, రాత్రంతా నాననివ్వాలి. మర్నాడు పొడుగు పానాతో కొంచెం బిగించి, కొంచెం వదులు చేసి, ముందుకూ వెనక్కూ ఆడించాలి. సంధి జరిగిన తీరు తెలియకుండా పదాన్ని కోస్తే ఏమవుతుందో నాకు తెలుసు గనుక, ఈ ఓపిక నాకు కొత్తగా తోచలేదు.

గ్యాస్ మంట సులువైన దారే. కానీ పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టాల దగ్గర అది ప్రాణాంతకం. అంబాసిడర్ ముందు చక్రాలను మోసే టోర్షన్ బారుకు ఆ వేడి తగిలితే ఉక్కు బిగి పోతుంది. కేవలం జాకీని నమ్మి బండి కింద దూరడమూ అంతే. కింద గట్టి స్టాండ్లు ఉండి తీరాలి. కొత్త రబ్బరు బుష్షు వేశాక చివరి బిగింపు, చక్రాలు నేలకు ఆని బండి బరువు కమాను మీద పడినప్పుడే. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.

ఈ కాలపు మెకానిక్కులకు ఓపిక లేదని వాపోవడం నాకు సమ్మతం కాదు. "సాయంత్రానికి బండి కావాలి" అని తరిమేది మనమే. కొత్త సామానుకు మారుమాటాడకుండా డబ్బిస్తాం. నానబెట్టిన రాత్రికీ, చెవి పెట్టి విన్న గంటకూ కూలి ఇవ్వం. అలాంటప్పుడు సామాను మార్చేవాడు బతుకుతాడు, కారణం వెతికేవాడు దుకాణం మూసుకొంటాడు. ఆ నష్టం, రేపు అదే బండిలో పిల్లల్ని కూర్చోబెట్టుకొని ఘాటు రోడ్డెక్కే మనది.

మీ ఊళ్లో అలాంటి మేస్త్రి ఉంటే ఆయన ఆలోచనకూ విలువ కట్టండి. అడిగి నాలుగు మాటలు రాసిపెట్టండి. షాకిల్‌ను మీ ప్రాంతంలో ఏమంటారో తెలిసినవారు చెబితే సంతోషిస్తాను.