గీతలోని బంగారం

గడచిన శ్రావణంలో మా చిన్నవాడికి చలిజ్వరం వచ్చింది. నారాయణపట్నలో తరాలుగా కాపురమున్న మన కుటుంబాలకు చలిజ్వరమంటే ఏమిటో చెప్పనక్కరలేదు గదా. అయినా మేము "వానలో తడిశాడు, అదే పోతుంది" అనుకుని మిరియాల కషాయంతో రెండు రోజులు గడిపాము. తప్పు మాదే. మూడవనాడు ఆశా దీది వచ్చి, వాడి వేలు పొడిచి, నెత్తుటి బొట్టును ప్లాస్టిక్ బిళ్ళ మీది గుంటలో వేసి, మరొక గుంటలో మందునీళ్ళ చుక్కలు విడిచి, గడియారం చూసుకుంటూ కూర్చున్నది. కాసేపటికి రెండు ఎర్రగీతలు తేలాయి. ఫాల్సిపారం మలేరియా అన్నది.

ఆ ఎరుపు నెత్తుటిదే అనుకున్నాము. కాదట, బంగారమట! ఈ మాట చెవినబడగానే మా అమ్మగారు "బంగారమైతే పచ్చగా ఉండవద్దుట్రా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే.

బంగారాన్ని మిల్లీమీటరులో పాతికవేలవ వంతు రేణువులుగా చేస్తే దాని రంగు మారిపోతుంది. వెలుతురు సోకగానే అందులోని ఎలక్ట్రానులు ఒక్కుమ్మడిగా ఊగి, ఆకుపచ్చ కాంతిని మింగివేస్తాయి. మనకు ఎరుపు మిగులుతుంది. 1857లోనే ఫారడే లండనులో ఇటువంటి కెంపురంగు నీళ్ళు తయారుచేశాడు. ఆ రేణువులకు మలేరియా క్రిమి విడిచే మాంసకృత్తును పట్టుకొనే యాంటీబాడీలను అంటిస్తారు. అటువంటివే మరికొన్ని బిళ్ళలోని కాగితం మీద ఒకచోట కాచుకుని ఉంటాయి. క్రిమి జాడ ఉన్నదా, ఆ మాంసకృత్తు రెంటినడుమ చిక్కి, బంగారం అక్కడ గుమిగూడుతుంది. ఒక్క రేణువు కంటికి ఆనదు. గుంపు కూడితే గీత. రెండవ గీత పరీక్ష సరిగా సాగిందనడానికి గుర్తు. అది పడకపోతే ఆ బిళ్ళ పనికిరాదు.

2005లో అమెరికాలో ఎల్-సయ్యద్ అనే తండ్రీకొడుకులు, తోటివారితో కలసి, ఇటువంటి రేణువులనే క్యాన్సరు కణాలకు అంటించి, సూక్ష్మదర్శినిలో అవి మెరవడం చూశారు. సూక్ష్మదర్శిని కొండ ఎక్కడం కష్టం. బిళ్ళ మాత్రం దీది సంచిలో ఎక్కుతుంది.

మూడు రోజులు మాత్రలు పడ్డాక పిల్లవాడు లేచాడు. పదిరోజులకు ఎవరో పట్టుబట్టగా మళ్ళీ పరీక్ష చేయిస్తే, మళ్ళీ రెండు గీతలే! ఇల్లంతా ఏడుపు. క్రిమి చచ్చినా దాని మాంసకృత్తు కొన్ని వారాలు నెత్తుటిలో ఉంటుందని దీది చెప్పాక స్థిమితపడ్డాము. దీనికి ఎదురుమాట కూడా ఉన్నది సుమండీ: కొన్ని క్రిములు ఆ మాంసకృత్తునే విడువవు. గీత పడకపోయినా జ్వరం తగ్గకపోతే ఆస్పత్రిలో గాజుపలక మీద నెత్తురు చూపించవలసిందే.

వాడిన బిళ్ళలను దీది తీసుకుపోయింది. ఇంటి బంగారం గడప దాటిందని మా అమ్మగారికి ఇప్పటికీ చిన్న వెలితి.