పట్టాల మీద సూర్యుడు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పొద్దు వాలితే తెలుగు వినబడుతుంది. అదీ శ్రీకాకుళం తెలుగు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో గ్యాంగుల్లోకి, షెడ్లలోకి వచ్చినవాళ్ల మనవలూ మునిమనవలూ ఇప్పటికీ ఇక్కడే ఉన్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఆఫీసులో హిందీ. వాళ్లలో ఒక రిటైర్డ్ సిగ్నల్ మెయింటెయినర్‌తో టీ తాగుతూ 2024 మే నెల సౌర తుఫాను సంగతి ఎత్తాను. లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబారిన రాత్రి గురించి చెప్పాను. ఆయన అంతా విని, ''సూరీడికి కోపమొస్తే మా సిగ్నలెందుకు ఎర్రబడాలి బాబూ?'' అన్నారు.

నవ్వి ఊరుకోదగ్గ ప్రశ్న కాదు. ఆయన సర్వీసంతా కాపలా కాసిన ట్రాక్ సర్క్యూట్‌లోనే దీనికి జవాబుంది. పట్టాల్లోకి చిన్న కరెంటు పంపుతారు. అది అవతలి కొసన ఉన్న రిలేను ఎత్తి పట్టుకుంటుంది. రైలు వస్తే చక్రాలూ ఇరుసూ ఆ కరెంటును మధ్యలోనే కలిపేస్తాయి, రిలే కిందపడుతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. వైరు తెగినా, బ్యాటరీ చచ్చినా ఎరుపే. అనుమానం వస్తే ఆపు అన్న ఈ సూత్రం మీదే రైల్వే భద్రత చాలావరకు నిలబడి ఉంది.

సౌర తుఫాను వేళ భూమి అయస్కాంత క్షేత్రం ఊగిపోతుంది. ఆ ఊపుకు నేలలో, పొడవైన లోహాల్లో పిలవని కరెంటు పుడుతుంది. పట్టాలకంటే పొడవైన లోహం ఏముంది? 1982 జూలై తుఫానులో స్వీడన్‌లో రైలు లేకుండానే సిగ్నళ్లు ఎర్రబడ్డాయి. 1921 మేలో న్యూయార్క్ సెంట్రల్ రైల్వే సిగ్నల్ టవర్‌లో లేచిన మంటలనైతే చాలాకాలం సూర్యుడి ఖాతాలోనే రాశారు. ఎర్రబడితే నష్టం ఆలస్యమే. బ్రిటన్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేశారు. రైలు నిలబడి ఉండగా ఈ దొంగ కరెంటు రిలేను పైకెత్తితే ఖాళీ లేని లైను ఖాళీగా కనబడుతుంది. వాళ్ల లెక్కల్లో, ఎర్రబడడానికి కావలసినదానికంటే తక్కువ బలానికే ఈ రెండో తప్పు జరగొచ్చు. అలాంటి తుఫానులు బ్రిటన్‌కు కొన్ని దశాబ్దాలకోసారి రావచ్చని వాళ్ల అంచనా.

ఇది కంప్యూటర్ నమూనా చెప్పిన మాట, అదీ ధ్రువానికి దగ్గరగా ఉన్న దేశం గురించి. మనం భూమధ్యరేఖ పక్కన ఉన్నాం, మనకేం కాదన్నది మామూలుగా వినబడే ధీమా. చాలావరకు నిజమే. 2024 మేలో, 2003 తర్వాత మొదటిసారి తుఫాను అత్యున్నత స్థాయికి చేరినా మన రైళ్లు తమ మామూలు కారణాలతోనే ఆలస్యమయ్యాయి. కానీ చరిత్రలో పెద్ద తుఫానుగా చెప్పుకునే 1859 సెప్టెంబరు తుఫానుకు గట్టి సాక్ష్యం దొరికింది ఎక్కడో కాదు, బొంబాయి కొలాబాలో. అక్కడి కొలతల్లో క్షేత్రం దాదాపు 1,600 నానోటెస్లాలు పడిపోయింది. అంటే ఉన్నదాంట్లో సుమారు 4 శాతం. తర్వాత బొంబాయిలో కరెంటు ట్రాములు రాబోతున్నాయని, వాటి విద్యుత్తు అయస్కాంత కొలతలను పాడు చేస్తుందని 1904లో ఆ పరిశీలన కేంద్రాన్ని అలీబాగ్‌కు తరలించారు. పట్టాలకు, అయస్కాంతాలకు మన దేశంలో పాత గొడవే.

పైగా 1859లో ఆ తుఫానుకు తగలడానికి ఉన్నవి టెలిగ్రాఫ్ తీగలే. ఇప్పుడు బిలాస్‌పూర్ జిల్లాలోనే సీపత్‌లో 2,980 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. 765 కిలోవోల్టుల లైన్లున్నాయి. 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్ గ్రిడ్ నిమిషంన్నరలో కుప్పకూలి 60 లక్షల మంది 9 గంటలు చీకట్లో ఉన్నారు. కరెంటు రైళ్లు నడిచే ఊళ్లో గ్రిడ్ మాట తలవకుండా పట్టాల మాట పూర్తికాదు.

ఇంతకీ సూర్యుడి మీద జరుగుతున్నదేమిటి? ఆ ప్రశ్నకు మన గడ్డతో సంబంధం ఉంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ చూసింది గుంటూరులో. సూర్యుడి అంచున లేచిన ఎర్రటి జ్వాలలు మండే వాయువులని స్పెక్ట్రోస్కోప్ తేల్చింది. మర్నాడు గ్రహణం లేకుండానే ఆయన వాటిని మళ్లీ చూడగలిగాడు. ఆ జ్వాలలను పట్టి నిలిపేది అయస్కాంతమని తెలియడానికి ఇంకా చాలాకాలం పట్టింది. 1908లో అమెరికాలో హేల్ సూర్యుడి మచ్చల్లో బలమైన అయస్కాంత క్షేత్రాన్ని కనిపెట్టాడు. అది వేల గాస్‌ల లెక్క. మన కాళ్లకింది క్షేత్రం అర గాస్ కూడా ఉండదు. మచ్చల్లో సుడులుంటాయన్నది హేల్ ఊహ. వాటికోసం 1909 జనవరిలో కొడైకెనాల్‌లో చూసిన ఎవర్‌షెడ్‌కు సుడి కనబడలేదు, మచ్చ నడుమ నుంచి బయటికి పారే వాయువు కనబడింది. వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి. ఆయన దొరికినదాన్నే రాశాడు. ఈ నిజాయితీ నేను చదివిన రాజనీతి శాస్త్రంలో అంత తరచుగా తగల్లేదు.

మెలిపడ్డ క్షేత్రరేఖలు తెగి మళ్లీ అతుక్కున్నప్పుడు నిల్వ ఉన్న శక్తి ఒక్కసారిగా విడుదలవుతుంది. అదే సౌర జ్వాల. దాని వెలుగు 8 నిమిషాల్లో మనల్ని చేరుతుంది. దాంతోపాటు ఒక్కోసారి అయస్కాంతాన్ని మోసుకుంటూ వాయు మేఘం బయల్దేరుతుంది. దానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అన్ని మేఘాలూ హాని చేయవు. సూర్యుడికి ఎదురుగా ఉన్న భూమి క్షేత్రం ఉత్తరానికి చూస్తుంటుంది. వచ్చే మేఘం క్షేత్రం కూడా అటే ఉంటే చాలావరకు జారిపోతుంది. దక్షిణానికి ఉంటే వ్యాగన్‌కు వ్యాగన్ తగులుకున్నట్టు కప్లింగ్ పడుతుంది. మేఘం ఎప్పుడొస్తుందో శాస్త్రజ్ఞులు కొన్ని గంటల తేడాతో చెప్పగలుగుతున్నారు. అందులో క్షేత్రం ఎటు చూస్తున్నదో అది దగ్గరికొచ్చేదాకా గట్టిగా చెప్పలేకపోతున్నారు. ఈ రంగంలో అసలు చిక్కు ఇదే.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 మోసుకెళ్లిన ఏడు పరికరాల్లో ఒకటి ఆ దిశను కొలిచే మాగ్నెటోమీటర్. అది కాపలా కాస్తున్నది భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల. అక్కడ కొలిచిన మేఘం ఇక్కడికి రావడానికి పట్టేది పావుగంట నుంచి గంట. శాస్త్రం ఇవ్వగలిగిన గట్టి గడువు ప్రస్తుతానికి అంతే. ఆపై పని పాలనది. బెంగళూరులోని తెరమీద కదిలిన గీత బిలాస్‌పూర్‌లోని ఆగ్నేయ మధ్య రైల్వే కంట్రోల్ రూములో, గ్రిడ్ కేంద్రంలో ఎవరి బల్లమీదికి రావాలి, వచ్చాక ఆ మనిషి ఏం చేయాలి? తుఫాను సముద్రంలో పుడితే ఏ రేవులో ఏ నంబరు ఎగరేయాలో మన తీరంలో జాలరి పిల్లాడికీ తెలుసు. సూర్యుడి తుఫానుకూ అలాంటి జెండా కావాలి. దానికి కొత్త ఉపగ్రహం అక్కర్లేదు, రెండు శాఖలు కూర్చుని రాసుకునే ఒక కాగితం చాలు.

గడువు సంగతి పెద్దాయనకు చెప్పాను. తక్కువని పెదవి విరుస్తారనుకున్నాను.

''అరగంటా? అరగంటలో సెక్షనంతా కాషన్ ఆర్డర్లు ఇచ్చేయొచ్చు బాబూ,'' అని గ్లాసు కింద పెట్టారు. ''కంట్రోలుకి ఫోన్ చేసేదెవరు?''