బెలూన్ ఎవరి చేలో దిగుతుంది?

కార్తీకం వచ్చేసింది. శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు మీద ఆదివారం పొద్దున్నే కార్ల బారు చూడండి. విజయనగరం నుంచి, విశాఖ నుంచి, శ్రీకాకుళం నుంచీ వస్తారు. గాలికొండ దగ్గర ఆగి ఒక ఫొటో, అనంతగిరి కాఫీ తోటల్లో ఒక ఫొటో. తర్వాత బొర్రా గుహలు, బొంగు చికెన్, సాయంత్రం స్టేజీ మీద ధింసా. రాత్రికి ఉండిపోతే టెంటు, చలిమంట. రైలెక్కేవాళ్ళకి 2017 నుంచి అద్దాల బోగీ కూడా ఉంది. వాళ్ళ మీద నాకేం కోపం లేదు. కొండ బాగుంది కాబట్టే కదా వస్తన్నారు. ఇది చదివేవాళ్ళలో కొందరు ఆ కార్లలో వచ్చే స్నేహితులు, కొందరు ఆ కార్ల పక్కన సీతాఫలాలు, మొక్కజొన్న పొత్తులు అమ్మే ఇళ్ళ పిల్లలు. ఇద్దరితోనూ ఒక మాట ఉంది.

2017 నవంబరులో అరకులో బెలూన్ పండగ పెట్టారు, గుర్తుందా? పర్యాటక శాఖ ఆధ్వర్యంలో 13 దేశాల నుంచి బెలూన్ల వాళ్ళు వచ్చారు. 2019 జనవరిలో మళ్ళీ జరిగింది. రంగురంగుల బుడగలు లోయ మీద తేలుతుంటే మేమూ నోరు తెరుచుకుని చూశాం, అబద్ధం ఎందుకు. అప్పుడు నా పక్కనున్న మా చుట్టాలాయన అడిగిన మాట మాత్రం ఇప్పటికీ వదలట్లేదు. "అదెళ్ళి మన చేలో దిగితే పంటకి ఎవుడు జవాబు సెప్తాడ్రా?"

మేం నవ్వాం. కానీ ఆయన అడిగిందే అసలు ప్రశ్న. వేడిగాలి బెలూన్‌కి స్టీరింగ్ ఉండదు. మంట పెంచితే లేస్తుంది, తగ్గిస్తే దిగుతుంది. అటూ ఇటూ తిప్పేది గాలే. ఒక్కో ఎత్తులో గాలి ఒక్కో వైపు వీస్తుంది కాబట్టి, పైకీ కిందకీ జరుగుతూ తనకి కావలసిన గాలిని వెతుక్కుంటాడు పైలట్. ఎండ ఎక్కితే నేల కాగి గాలి చెదురుతుంది, అందుకే తెల్లారగట్ల చలిలోనే ఎగరేస్తారు. ఎక్కడ లేస్తుందో ముందే తెలుసు. ఎక్కడ దిగుతుందో పక్కాగా ఎవరూ చెప్పలేరు. నవంబరంటే మనకి వరి కోతలు, రాగులు, వలిసె పూత. దిగితే వాటి మీదే దిగాలి. వెనక దాన్ని వెతుక్కుంటూ జీపు కూడా వస్తుంది. బెలూన్ పుట్టిన ఫ్రాన్స్‌లో, దిగిన పొలం రైతు చేతిలో ఒక షాంపేన్ సీసా పెట్టి మంచి చేసుకోవడం పాత అలవాటంటారు. అంటే ఆకాశంలో ఎగిరేవాడికి కూడా కింద నేలకి సొంతదారు ఉన్నాడని తెలుసు.

మన దగ్గర ఆ ఎరికే తక్కువ. వలిసె చేలో ఫొటో దిగి, తొక్కి వెళ్ళిపోతారు. రైతు పదో ఇరవయ్యో అడిగితే "ప్రకృతికి కూడా టికెట్టా" అని గొణుగుతారు. బాబూ, అది ప్రకృతి కాదు, పంట. దుక్కి దున్ని, విత్తనం చల్లి, నూనెకీ కూటికీ వేసుకున్న చేను. మీరు సెల్ఫీ తీసుకునే పసుపు రంగు ఒకరి ఏడాది కష్టం.

పూలు తొక్కడం చిన్న నష్టమే. పెద్దది నేల పోవడం. 2025 జనవరి ఆఖర్లో విశాఖలో పర్యాటక పెట్టుబడుల సమావేశం జరిగింది. కొండల్లో హోటళ్ళు కట్టాలంటే 1/70 అడ్డుగా ఉంది, సవరించాలి అని అసెంబ్లీ స్పీకరే అక్కడ అన్నారు. ఆ వెంటనే అరకులో చలి ఉత్సవం. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం బంద్. దుకాణాలు మూశారు, బస్సులు కదల్లేదు. ఆ రోజుల్లోనే ముఖ్యమంత్రి, 1/70 జోలికి వెళ్ళబోమని చెప్పాల్సి వచ్చింది. మాట వచ్చింది, మంచిదే. అయినా చట్టం మార్చకుండానే చెయ్యాల్సిన పని చేసేవాళ్ళు ఉన్నారు. గిరిజనుడి పేరు మీద కాగితం, బయటివాడి డబ్బు, బయటివాడి లాభం. పేరున్నవాడేమో అదే రిసార్టులో గేటు దగ్గర.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ ముక్క మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళకి చదివి వినిపించండి. "అమ్మడం లేదు, పదేళ్ళు లీజుకే ఇస్తున్నాం" అని సంతకం పెట్టించుకుంటారు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, లీజు, దానం, మార్పిడి అన్నీ బదిలీలే. 1970లో 1వ నిబంధనతో దాన్ని ఇంకా గట్టి చేశారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడికి రాసిన ఆ వంద రూపాయల స్టాంపు కాగితం చెల్లదు. గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర కేసు వెయ్యొచ్చు.

ఈ రక్షణ మన వాళ్ళందరికీ ఉందనుకుంటున్నారా? ఘాట్ రోడ్డు మొదలయ్యే ఎస్.కోట మండలంలోనే దారపర్తి పంచాయతీ ఉంది. కొండ మీద గిరిజన ఊళ్ళు. కానీ అది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, అక్కడ 1/70 లేదు. రోడ్లు లేక గర్భిణుల్ని డోలీలో మోసుకొచ్చిన వార్తలు అక్కడి నుంచి ఎన్నిసార్లు చదివామో. అడవితల్లి బాట పేరుతో 2025లో కొండ ఊళ్ళకి రోడ్ల పని మొదలుపెట్టారు, అవి పూర్తవ్వాలి. నా భయం ఇంకోటి. రోడ్డు పైకి చేరిన మర్నాడే అంబులెన్సు కంటే ముందు స్థలాల బ్రోకర్ వస్తాడు. ఐదో షెడ్యూల్లో కలపండి అన్న ఆ ఊళ్ళ డిమాండు రోడ్డుతో పాటే, వీలైతే రోడ్డు కంటే ముందే తేలాలి.

మనలో కొందరు పర్యాటకమే వద్దంటారు. నేనలా అనలేను. మా సీతంపేట వైపు ఆడలి, జగతిపల్లి కొండల మీదికి జనం వస్తుంటే అనాసలు, పనసలు, చీపుళ్ళు రోడ్డు మీదే అమ్ముడుపోతున్నాయి. సంతలో దళారీ చెప్పిన రేటుకి ఇచ్చేదానికంటే అది నయం. సవర కుర్రాడు సొంతింట్లో రెండు గదులు వేసి అతిథులకి అంబలి, కోడికూర పెడితే సంతోషమే. వద్దనేది వాడి ఇల్లు ఇంకొకడి హోటల్ అవ్వడాన్ని.

మీరు గుహలు చూడ్డానికి వెళ్ళే బొర్రా పంచాయతీ నుంచే సమత కేసు పుట్టింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి మైనింగ్ లీజుకివ్వడం చెల్లదంది. అప్పటికే ఉన్న గనుల లాభంలో కనీసం 20 శాతం అక్కడి గిరిజనుల అవసరాలకి పక్కన పెట్టమంది. రాయి తవ్వి అమ్మితే ఊరికి వాటా ఉన్నప్పుడు, అదే కొండని టికెట్టు పెట్టి చూపిస్తే ఎందుకుండదు? కోర్టు చెప్పింది గనుల గురించే, నాకు తెలుసు. అయినా గ్రామసభలో ఈ ప్రశ్న వెయ్యడానికి కోర్టు తీర్పు అక్కర్లేదు. పెసా ప్రకారం ఊళ్ళో అభివృద్ధి ప్రాజెక్టులకి ముందు గ్రామసభ ఆమోదం కావాలి. టికెట్టు డబ్బు ఎంత, ఊరికెంత, పార్కింగ్ ఎవరు వసూలు చేస్తారు, చెత్త ఎవరు ఎత్తుతారు అని అడిగి మినిట్స్‌లో రాయించండి. ఎవరూ రాయకపోతే మీరే రాయండి, చదువుకున్నది మీరే కదా.

కార్లలో వచ్చే స్నేహితులకి: ఈసారి గది తీసుకునే ముందు, ఈ నేల ఎవరిది, యజమాని ఎవరు అని అడగండి. గేటు దగ్గర నిలబడ్డవాణ్ణి అడగండి. జవాబు అతని మొహంలోనే కనిపిస్తుంది.