ప్రైవేటు విద్యకు, ఇంటి చదువుకు ఆస్తి పన్ను క్రెడిట్

ఆస్తి పన్ను క్రెడిట్ అనగా ఇంటిపైన, స్థలంపైన విధించిన పన్ను నుండి నిర్ణీత మొత్తాన్ని నేరుగా తగ్గించే ఏర్పాటు. పిల్లలను ప్రైవేటు పాఠశాలలకు పంపేవారికీ, హోమ్‌స్కూలింగ్ పద్ధతిలో ఇంటివద్దనే చదువు చెప్పుకొనేవారికీ దీనిని వర్తింపజేయాలనే ప్రతిపాదన అమెరికా సంయుక్త రాష్ట్రాలలో చాలాకాలంగా చర్చలో ఉన్నది. ఒకవైపు తల్లిదండ్రుల ఎంపిక స్వేచ్ఛ, మరొకవైపు ప్రభుత్వ పాఠశాలల మనుగడ ఈ వివాదంలో ముడిపడి ఉన్నాయి.

నేపథ్యం

అమెరికాలో ప్రభుత్వ పాఠశాలలను చాలావరకు స్కూల్ డిస్ట్రిక్టులు నడుపుతాయి. వీటి ఆదాయంలో సమాఖ్య ప్రభుత్వపు వాటా సాధారణంగా సుమారు పదో వంతు. మిగిలినది రాష్ట్రాల నుండి, స్థానిక వనరుల నుండి వస్తుంది. స్థానిక వనరులలో అధికభాగం ఆస్తి పన్నే. అందువలన ఇళ్ళ విలువ హెచ్చుగా ఉన్నచోట పాఠశాలలకు నిధులు సులువుగా సమకూరుతాయి. ఈ వ్యత్యాసం సమాఖ్య రాజ్యాంగానికి విరుద్ధం కాదని 1973లో శాన్ ఆంటోనియో - రోడ్రిగ్జ్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

పిల్లలను ప్రైవేటు పాఠశాలకు పంపే హక్కును ఇదే న్యాయస్థానం 1925లో గుర్తించింది. హోమ్‌స్కూలింగ్ 1990ల నాటికి మొత్తం 50 రాష్ట్రాలలోనూ చట్టబద్ధమైనది. అయితే ఈ మార్గాలను ఎంచుకొన్నంత మాత్రాన పాఠశాల పన్ను తప్పదు.

అనుకూల వాదన

ఇటువంటి కుటుంబాలు ఒకే చదువుకు రెండుసార్లు చెల్లిస్తున్నాయన్నది సమర్థకుల ప్రధాన వాదన. పన్ను ఒకటి, ఫీజు రెండవది. ఇంటివద్ద బోధించే కుటుంబాలలో తల్లిదండ్రులలో ఒకరు ఉద్యోగం మానుకోవడమూ కద్దు. ఆ పిల్లవాడు బడికి రానందున డిస్ట్రిక్టుకు ఖర్చు తగ్గుతుంది కనుక అందులో కొంత తిరిగి ఇవ్వడం న్యాయమని వీరంటారు.

ప్రతికూల వాదన

పాఠశాల పన్ను ఫీజు కాదనీ, సమాజమంతా కలిసి భరించే బాధ్యత అనీ వ్యతిరేకులు చెబుతారు. పిల్లలు లేనివారు, వృద్ధులు, దుకాణదారులు కూడా దీనిని చెల్లిస్తారు. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో ఇంటిపన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ సెస్సు దీనికి దగ్గరి పోలిక. గ్రంథాలయం గడప తొక్కనివారికి కూడా ఆ సెస్సు తప్పదు.

ఖర్చు తగ్గుతుందన్న వాదనకూ పరిమితి కలదు. ఉదాహరణకు ఒక డిస్ట్రిక్టులో 13 తరగతుల నుండి 20 మంది పిల్లలు వెళ్ళిపోయారనుకొందాము. తరగతికి ఇద్దరైనా తగ్గరు. ఉపాధ్యాయుని జీతం, బస్సు, భవనం ఖర్చులు దాదాపు యథాతథంగా ఉంటాయి. ఎక్కువమంది వెళ్ళినప్పుడే నిజమైన ఆదా కనిపిస్తుంది.

ఆచరణలో చిక్కులు

అద్దె ఇంటిలో ఉండేవారికి ఆస్తి పన్ను రసీదు ఉండదు. అద్దెలో ఆ భారం కొంత కలిసి ఉన్నా, క్రెడిట్ మాత్రం యజమానికే చెందుతుంది. చిన్న ఇల్లు గలవారికి పన్నే స్వల్పం గనుక ప్రయోజనమూ స్వల్పమే. అనగా సహాయం ఎక్కువ అవసరమైనవారికే అది తక్కువగా అందుతుంది. తగ్గిన ఆదాయాన్ని రాష్ట్రం భర్తీ చేయకపోతే ఇరుగుపొరుగువారి పన్ను పెంచాలి, లేదా పాఠశాల ఖర్చు తగ్గించాలి. హోమ్‌స్కూలింగ్ విషయంలో ఏది విద్యావ్యయమో నిర్ణయించడం కష్టం. సహాయంతో పాటు ప్రభుత్వ తనిఖీ కూడా వస్తుందని, ఇంటివద్ద బోధించేవారిలోనే కొందరు దీనిని వ్యతిరేకిస్తారు.

అమలులోకి వచ్చిన చట్టాలు

ఈ చిక్కుల దృష్ట్యా ఆదాయ పన్ను మార్గం అనుకూలమైనది. మిన్నెసోటా 1955లోనే విద్యావ్యయానికి ఆదాయ పన్ను మినహాయింపు ఇచ్చింది. ప్రభుత్వ పాఠశాలల పిల్లల తల్లిదండ్రులకు కూడా ఇది వర్తిస్తుంది కనుక చెల్లుతుందని 1983లో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో తీర్పిచ్చింది. ఓక్లహోమా 2023 చట్టం ప్రైవేటు విద్యకు కుటుంబ ఆదాయాన్ని బట్టి గరిష్ఠంగా 5,000 నుండి 7,500 డాలర్లు, హోమ్‌స్కూలింగ్‌కు 1,000 డాలర్ల వరకు క్రెడిట్ కల్పించింది. ప్రైవేటు విద్య క్రెడిట్ చెల్లించవలసిన పన్నును మించితే, ఆ మిగులును కుటుంబానికి తిరిగి ఇస్తారు. కనుక అద్దె ఇంటివారికీ అది అందుతుంది.

అయితే పన్ను మారినంత మాత్రాన మూలప్రశ్న తీరలేదు. ఆదాయ పన్ను క్రెడిట్ వలన తగ్గేది రాష్ట్ర ఖజానా. ప్రభుత్వ పాఠశాలలకు నిధులిచ్చేది కూడా ఆ ఖజానాయే.