ప్లాస్మాను కాచు తరంగములు

మనూరు జొన్నచేలపై కాయు ఎండ, సూర్యగర్భమున హైడ్రోజన్ కేంద్రకములు కలిసి హీలియముగా మాఱునపుడు వెలువడిన శక్తియే. దీనిని కేంద్రక సంలీనమందురు. భూమిపై టోకమాక్ అను యంత్రమున దీనిని సాధింపవలెనన్న హైడ్రోజన్ వాయువును దాదాపు 15 కోట్ల డిగ్రీల వఱకు కాచి ప్లాస్మాగా నిలుపవలెను. ఏ పాత్రయు ఆ వేడిని భరింపలేదు గనుక, అయస్కాంత క్షేత్రమే దానికి పాత్ర.

ఆ క్షేత్రమున ఎలక్ట్రానులు గిరగిర తిరుగుచుండును. ఉయ్యాలను దాని ఊపు నెఱిగి త్రోసిన అది అంతకంతకు పైకేగును గదా! అట్లే, ఆ భ్రమణమునకు సరిపడు మైక్రోవేవు తరంగములు తాకినపుడు ఎలక్ట్రానులు వేడెక్కును; వాని తాకిడిచే తక్కిన ప్లాస్మాయు వేడెక్కును. ఈ తరంగములను పుట్టించు పరికరమే జైరోట్రాన్.

1955లో జెనీవా సభకు అధ్యక్షుడైన హోమీ భాభా, ఇరువది యేండ్లలో సంలీనశక్తిని అదుపులోనికి తెచ్చు మార్గము దొరకునని జోస్యము చెప్పెను. ఆ గడువు దాటి చాలకాలమైనది. ఆ విద్యుత్తుతో నేటికిని ఒక్క యింట దీపము వెలుగలేదు. కూడు, గూడు కొఱవడిన దేశమునకు ఈ వ్యయమేల యని కొందఱందురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని పని మానుట దానికి ఉత్తరము కాదు.

గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989లో ఆదిత్య టోకమాక్ పనిచేయ నారంభించినది. అచ్చటి యంత్రములపై జైరోట్రానులతో ప్లాస్మాను పుట్టించుటయు కాచుటయు మనవారు అభ్యసించిరి. పరుల యంత్రమును వెలయిచ్చి కొనవచ్చును. దానిని చక్కదిద్దు నేర్పు చేసి చూచినవారికే అబ్బును. శాస్త్రజ్ఞులు గడువులు పలుకుట మాని, సాధించినది, సాధింపవలసినది దాచక చెప్పవలెను. అట్టి పరిశోధనకు ప్రజాధన మిచ్చుట దుబారా కాదు. ఎవరో నాటిన చింతల నీడనే నేడు మనము నిలుచుచున్నాము.