పెరటి తోట: టమాటాకు తిండీ, దుప్పటీ



“నా టమాటా మొక్క నా నడుమెత్తు పెరిగింది. ఆకులు నిగనిగలాడుతున్నాయి. రోజూ గుప్పెడు ఎరువు వేస్తున్నాను. కాని ఒక్క కాయ కూడా లేదు. పక్కింటివాళ్ల మొక్క చిన్నదే, అయినా నిండా కాసింది. ఎందుకని?” అని ఒక అమ్మాయి దిగులుగా అడిగింది.

జవాబు ఆ ప్రశ్నలోనే వున్నది. రోజూ ఎరువు వేయటమే పొరపాటు!

ఆకులూ, కొమ్మలూ పెరగటానికి నత్రజని కావాలి. పశువుల ఎరువులో అది వుంటుంది. అది మితిమీరితే మొక్క ఆకులు పెంచుకుంటూనే పోతుంది. పూత ఆలస్యమవుతుంది, కాపు తగ్గుతుంది.

మరి ఎంత వేయాలి? నారు నాటేముందే గుంటలో రెండు గుప్పిళ్లు బాగా మాగిన ఎరువు మట్టితో కలపండి. పచ్చిపేడ వేయకండి. అది మాగేటప్పుడు పుట్టే వేడికి లేతవేళ్లు మాడిపోతాయి. మొదటి పూత కనబడగానే ఒక గుప్పెడు, ఆపైన మూడు వారాలకొకసారి ఒక గుప్పెడు చాలు. మొదలుకు తగలకుండా, బెత్తెడు దూరంలో చుట్టూ చల్లి, మట్టిలో కలిపి నీళ్లు పోయండి.

ఇక దుప్పటి సంగతి. నాటిన పది పదిహేను రోజులకు మొక్క నిలదొక్కుకుంటుంది. అప్పుడు దాని చుట్టూ వరిగడ్డిగాని, ఎండుటాకులుగాని 3 అంగుళాల మందాన పరచండి. కాండం చుట్టూ మాత్రం 2 అంగుళాలు ఖాళీ వుంచాలి. లేకపోతే తడికి మొదలు కుళ్లుతుంది. వారానికొకసారి గడ్డి ఎత్తి, చెదలు పట్టాయేమో చూడండి.

ఈ దుప్పటి మూడు పనులు చేస్తుంది. ఎండకు నేల త్వరగా ఆరిపోదు. వెలుతురు అందక కలుపు అంతగా మొలవదు. వానచినుకులకు మట్టి చింది ఆకులమీద పడదు. కాబట్టి మట్టిలోని తెగుళ్లు ఆకులకు తొందరగా పాకవు.

టమాటా కాయ అడుగున నల్లని మచ్చ పడి కుళ్లటం చూశారా? అది పురుగు పని కాదు. కాయకు కాల్షియం అందకపోతే అలా అవుతుంది. కాల్షియం నీటితోపాటే వేళ్లనుంచి పైకి పోతుంది. ఒకరోజు నేల బీటలువారి, మరునాడు బురదైతే అది కాయదాకా సరిగా చేరదు. నేలలో కాల్షియం వున్నా తడి సమంగా లేక ఇలా జరగవచ్చు. అక్కడ గడ్డి దుప్పటి ఎంతో మేలు చేస్తుంది.

నమ్మకం లేదా? పరీక్ష చేసి చూడండి. రెండు మొక్కలు పక్కపక్కనే నాటి, ఒకదానికే గడ్డి కప్పండి. రెండింటికీ ఒకే చెంబుతో నీళ్లు పోయండి. మరునాటి సాయంత్రం మట్టిలో వేలు గుచ్చి, ఎక్కడ తడి వున్నదో పుస్తకంలో రాసుకోండి.

అమ్మాయీ, నువ్వు ఇప్పుడు ఎరువు మానెయ్యి. గడ్డి కప్పు. నేల ఆరినప్పుడే నీళ్లు పొయ్యి. ఓపిక పట్టు. మండువేసవి అయితే మాత్రం వేడికి పూత రాలిపోతుంది. మన ప్రాంతంలో చలికాలపు కాపే మేలు.

పెద్దలకొక మాట: పిల్లలు ఎరువు ఎక్కువ వేసేది ప్రేమకొద్దీ. కోప్పడకండి, గుప్పెడు ఎంతో చూపించండి.