వైమానికుల విశ్రాంతి

2009 వ సంవత్సరము ఫిబ్రవరి 24 వ తేదీన అమెరికా ప్రతినిధిసభవారి విమానయానోపసంఘము నెదుట ఒక వైమానికుడు సాక్ష్యమిచ్చెను. ఆయన పేరు చెస్లీ సల్లెన్‌బర్గర్. అంతకు నలుబది దినములకు ముందు, జనవరి 15 న, న్యూయార్కు నగరమునుండి విమానము లేచిన కొలది నిమిషములకే పక్షులగుంపు తగిలి రెండు ఇంజనులును నిలిచిపోగా, దానిని హడ్సన్ నదిమీద దింపి 155 మంది ప్రాణములను కాపాడినవాడాయనయే. దేశమంతయు ఆయనకు జేజేలు పలుకుచుండెను. సభ్యులును ఆయనను ప్రశంసించుటకు సిద్ధముగనే కూర్చుండిరి. కాని ఆయన చెప్పిన మాటలు వేఱు. తన జీతము నూటికి నలుబది వంతులు తగ్గినదనియు, తన పింఛను రద్దయి దానికి బదులు లభించిన హామీ డాలరునకు కొన్ని సెంట్లపాటి మాత్రమే చేయుననియు, మధ్యతరగతి సంసారమును నిలుపుకొనుటకై ఆఱేండ్లుగా వారమునకు ఏడు దినములును రెండు పనులు చేయుచున్నాననియు చెప్పెను. తన పిల్లలు ఈ వృత్తిలో ప్రవేశింపవలెనని కోరు వైమానికుని ఒక్కనినైనను తానెఱుగనని కూడ చెప్పెను. మఱుసటి సంవత్సరము మార్చి 3 న, ముప్పదియేండ్ల సేవ ముగించి, చట్టము విధించిన వయఃపరిమితికి ఐదేండ్లకుపైగా మిగిలియుండగనే ఆయన కొలువు విరమించెను.

వీరునకు పూలదండ వేయుట ఏ దేశమునకైనను కష్టము కాదు. ఆ వీరుడు ముప్పదియేండ్లు పనిచేసి కూడబెట్టుకొన్నది ఎవరు తీసికొనిరి, ఏ న్యాయముచే తీసికొనిరి అని అడుగుటయే కష్టము. ఈ ప్రశ్న అమెరికాలో పుట్టినదైనను అమెరికాతో ముగియునది కాదు. కావున పాఠకుల ముందు దీనిని కొంత విపులముగా పెట్టుచున్నాము.

ముందుగా ఈ వృత్తియొక్క తీరు తెలిసికొనవలెను. వకీలు ఊరు మార్చినను వకీలే. వైద్యుడొక ఆసుపత్రి విడిచి వేఱొక ఆసుపత్రిలో చేరినను ఆయన అనుభవమునకు వెల తగ్గదు. వైమానికుని స్థితి అట్టిది కాదు. అతని జీతము, అతడు నడుపు విమానము, అతనికి దొరకు సెలవులు, రాత్రి పనియా పగటి పనియా యనునది, అన్నియు ఆ కంపెనీలో అతడు చేరిన తేదీని బట్టి ఏర్పడిన వరుసపై ఆధారపడియుండును. ఇరువదియేండ్లు ఒక కంపెనీలో పనిచేసినవాడు దానిని విడిచి వేఱొకదానిలో చేరినచో, నిన్న చేరిన కుఱ్ఱవాని వెనుక నిలుచుండవలసినదే. అందుచేత అతడు కంపెనీకి కట్టుబడిన మనిషి. జీతము తగ్గించినను కదలలేడు; పింఛను తీసివేసినను కదలలేడు. యజమానులకు ఈ సంగతి బాగుగా తెలియును.

1978 వఱకు అమెరికాలో విమానముల చార్జీలను, మార్గములను ప్రభుత్వ సంఘమే నిర్ణయించుచుండెను. ఆ సంవత్సరము అక్టోబరులో చేసిన చట్టము ఆ కట్టును విప్పివేసెను. చార్జీలు తగ్గినవి, సామాన్యులు కూడ ఆకాశయానము చేయగలిగిరి. ఈ మేలును మేము కాదనము. కాని తగ్గిన చార్జీల భారము ఎక్కడనో ఒకచోట పడవలెను గదా! ఇంజనునూనె అమ్మువాడు తగ్గింపడు; విమానము కట్టువాడు తగ్గింపడు; అప్పిచ్చినవాడు వడ్డీ మానడు. తగ్గింపదగినది కూలియొక్కటే. ఈస్టర్న్, పాన్ అమెరికన్ వంటి పేరుమోసిన కంపెనీలు 1991 లో మూతపడినవి. నిలిచిన కంపెనీలు 2001 సెప్టెంబరు 11 నాటి ఘోరము తరువాత ఒకదానివెంట నొకటి దివాలా కోర్టు మెట్లెక్కినవి. యూ.ఎస్. ఎయిర్‌వేస్, యునైటెడ్ 2002 లోను, డెల్టా, నార్త్‌వెస్ట్ 2005 సెప్టెంబరు 14 న ఒకే దినమునను ఆ దారి పట్టినవి.

అమెరికా దివాలాచట్టమున ఒక విచిత్రమున్నది. కంపెనీ మూతపడనక్కఱలేదు. న్యాయాధిపతి నీడలో వ్యాపారము సాగించుచునే, కార్మికసంఘముతో చేసికొన్న ఒప్పందమును కోర్టు అనుమతితో త్రోసివేయవచ్చును. న్యాయవాదవృత్తిలో మెలగువారమగుటచే మాకు ఒప్పందమన్న మాటపై కొంత గౌరవమున్నది. రెండు పక్షములు చేవ్రాలు చేసిన కాగితమును ఒక పక్షము మాత్రమే చింపగలిగిన విధము చూచినపుడు ఆ గౌరవమునకు గట్టి దెబ్బయే తగులుచున్నది.

యునైటెడ్ కంపెనీ చరిత్రమును చూడుడు. 1994 లో ఆ కంపెనీ ఉద్యోగులు తమ జీతములను తగ్గించుకొని, అందుకు బదులుగా కంపెనీ వాటాలలో నూటికి 55 వంతులు పుచ్చుకొనిరి. కార్మికులే యజమానులైరని లోకము మెచ్చుకొనెను. 2002 డిసెంబరులో కంపెనీ దివాలా తీయగా ఆ వాటాలు చిత్తుకాగితములైనవి. తరువాత కంపెనీని బ్రతికించుటకని జీతములు మరల కోసిరి. 2005 మే నెలలో న్యాయస్థానము ఉద్యోగుల పింఛను పథకములను రద్దు చేసికొనుటకు అనుమతినిచ్చెను. వైమానికులేగాక మరమ్మతుపనివారు, పరిచారికలు మొదలగువారు 1,20,000 మందికి పైగా ఈ దెబ్బకు లోనైరి. సుమారు 980 కోట్ల డాలర్ల లోటులో 660 కోట్లు ప్రభుత్వ హామీ సంస్థ నెత్తిన పడినవి. మిగిలిన 320 కోట్లు ఉద్యోగుల ముదుసలితనమునుండి తీసినవి. 2006 ఫిబ్రవరిలో కంపెనీ దివాలానుండి బయటపడినపుడు క్రొత్త వాటాలలో నూటికి ఎనిమిది వంతులు నాలుగువందలమంది పై అధికారులకు కేటాయింపబడినవి. ఇందు చట్టవిరుద్ధమైనదేమియు లేదు. అంతయు కోర్టు ముద్రతోనే జరిగినది.

ఇంతకంటె క్రూరమైన సూక్ష్మమొకటి కలదు. 1959 లో చేసిన నిబంధనచొప్పున అమెరికాలో ప్రయాణికుల విమానము నడుపువాడు అఱువదవ యేట దిగిపోవలసినదే. అతడు కోరినను ఉండుటకు వీలులేదు. పింఛనుల హామీ సంస్థ లెక్కయో, 65 ఏండ్లకు విరమించువానికే పూర్తి హామీ. 2005 లో ఆ పరిమితి ఏడాదికి 45,600 డాలర్ల చిల్లర. అఱువదియేండ్లకు విరమించువానికి అందులో నూటికి 65 వంతులు మాత్రమే, తొందరపడి విరమించెనను నెపముచే! ఒక ప్రభుత్వశాఖ అఱువదియేండ్లకు మెడబట్టి గెంటును. రెండవ శాఖ అఱువదియేండ్లకే వచ్చితివేమని కోత వేయును. ఈ రెండు శాఖలును ఒకే ప్రభుత్వమునకు చెందినవి.

2007 డిసెంబరు 13 న వయఃపరిమితిని 65 కు పెంచుచు చట్టము చేసిరి. అదియు వెనుకటివారికి వర్తింపలేదు. డిసెంబరు 12 న అఱువది నిండినవాడు ఇంటికి పోయెను. 14 న నిండినవానికి ఐదేండ్ల కొలువు కలిసివచ్చెను. ముందటివాడు మరల రాదలచినచో వరుసలో అందఱికంటె వెనుక, క్రొత్తవానివలె చేరవలెను. పింఛను పోయిన సంవత్సరములకును ఈ తేదీకిని నడుమ దిగిపోయినవారి గతి ఏమని చెప్పుదుము? వాటా పోయెను, జీతము పోయెను, పింఛను పోయెను, చివరకు పనిచేసి పూడ్చుకొందమన్న అవకాశమును పోయెను.

విరమణమున విశ్రాంతి లేనివానికి కొలువులో నిద్రయైన దొరకెనా? సల్లెన్‌బర్గర్ సాక్ష్యమునకు పండ్రెండు దినములకు ముందు, 2009 ఫిబ్రవరి 12 రాత్రి, బఫెలో నగరసమీపమున కోల్గన్ కంపెనీ విమానము ఒక ఇంటిపై కూలి 50 మంది మరణించిరి. చోదకుడు ప్రమాదసూచనకు విపరీతముగా స్పందించుటయే ముఖ్యకారణమని విచారణ సంఘము తేల్చెను. అలసట కూడ వారి పనిని మందగింపజేసి యుండవచ్చుననియు, అది ఎంతమాత్రమో కొలువ వీలులేదనియు పలికెను. విచారణలో బయటపడిన సంగతులు దేశమును నివ్వెఱపఱచినవి. సహచోదకురాలు పడమటితీరమున సియాటిల్ ప్రాంతమున తలిదండ్రులయింట నుండెను. పని తూర్పుతీరమున న్యూయార్కు చేరువనున్న నూవర్క్‌లో. ముందురాత్రియంతయు సరకు విమానములలో ప్రయాణించి పనికి వచ్చెను. ఆమె జీతము ఏడాదికి సుమారు 16,000 డాలర్లని సాక్ష్యమున వచ్చినది. టిక్కెట్టు మీద పెద్ద కంపెనీ పేరు. విమానము నడుపుట చిన్న కంపెనీ గుత్త. ప్రయాణికుడు చెల్లించిన సొమ్ము ఎక్కడ నిలిచెనో, నిద్రలేనివారి చేతికి ఎంత చేరెనో పాఠకులే లెక్కకట్టుకొనగలరు. మృతుల కుటుంబములు పట్టువిడువక పోరాడగా 2010 లో చట్టమును, దానివెంట కొత్త విశ్రాంతి నిబంధనలును వచ్చినవి. ఇవి 2014 జనవరి 4 నుండి అమలైనవి. పనికి ముందు పది గంటల విరామము, అందు ఎనిమిది గంటల నిద్రకు అవకాశము నుండవలెను. సరకు విమానములు నడుపువారికి మాత్రము ఈ నిబంధన వర్తింపదు. పెట్టెలు మోయువానికి నిద్ర అక్కఱలేదు కాబోలు!

వైమానికులు అధికవేతనములు తీయువారు, చేనేతవానికిని కౌలురైతునకును లేని సానుభూతి వారికేల యని కొందఱు అడుగవచ్చును. ఈ ఆక్షేపణ మా దృష్టికి రాకపోలేదు. అమెరికాలో చోదకులకు కొఱత వచ్చిన పిదప వారి జీతములు మరల పెరిగిన మాటయు నిజమే. 2023 మార్చిలో డెల్టా వైమానికులు నాలుగేండ్లలో నూటికి 34 వంతుల పెంపునకు ఒప్పందము గెలుచుకొనిరి. కాని ఆ పెంపు ఆకాశమున నున్నవారికేగాని నేల దిగినవారికి కాదు. పోయిన పింఛనులు తిరిగిరాలేదు. మేము వాదించుట దయకొఱకును కాదు. పింఛను యజమాని వేయు భిక్షము కాదనియు, చేసిన సేవకు రావలసిన ప్రతిఫలమనియు మన సర్వోన్నత న్యాయస్థానమున రాజ్యాంగ ధర్మాసనము నకారా వ్యాజ్యమున 1982 లోనే తీర్మానించియున్నది. నేడు తీసికొనక రేపటికై దాచుకొన్న జీతమే పింఛను. దాచుకొన్న జీతమును అప్పులవాని వాటా క్రింద జమకట్టుట ఎవని విషయమున జరిగినను అది ఒక్కటే నేరము. ఆ దారి తెఱచిన కంపెనీ వైమానికునితో నిలువదు.

మన దేశమున పరిస్థితి యేమి? 1945 లో హైదరాబాదు బేగంపేటనుండి డెక్కన్ ఎయిర్‌వేస్ విమానములు ఎగిరిననాడు వాయుయానము తెలుగువారికి క్రొత్త వింత. 1953 లో ఆ కంపెనీయు, తక్కిన స్వదేశీ కంపెనీలును జాతీయసంస్థలో లీనమైనవి. 1990 దశకమున మరల ప్రైవేటు కంపెనీలకు ద్వారములు తెఱచిరి. నేడు తెలుగు బిడ్డలెందఱో లక్షలకొలది అప్పుచేసి ఈ విద్య నేర్చి ఆ కంపెనీలలో చేరుచున్నారు. కింగ్‌ఫిషర్ 2012 లో నెలలతరబడి జీతములీయక ఆగిపోయెను. 2019 ఏప్రిల్ 17 న జెట్ ఎయిర్‌వేస్ నిలిచిపోయెను. దాని ఉద్యోగుల ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ బాకీలు చెల్లింపవలెనని అప్పీలు ట్రిబ్యునలు 2022 లో చెప్పగా, 2023 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము అందు జోక్యము చేసికొనలేదు. 2024 నవంబరులో కంపెనీ ఆస్తులనమ్మి బాకీలు తీర్చుటకే ఉత్తరువైనది.

మన 2016 నాటి దివాలాచట్టము 36 వ సెక్షను ప్రావిడెంటు ఫండు, పింఛను, గ్రాట్యుటీ నిధులను అప్పులవారు పంచుకొను ఆస్తినుండి వేఱుచేసినది. ఇది అమెరికాకంటె మేలైన మాట. కాని నిధిలో సొమ్ము వేసియుంచినపుడే ఈ మాటకు బలము. గ్రాట్యుటీకి నిధియే కట్టక, లెక్కల పుస్తకమున అంకెగా మాత్రమే వ్రాసియుంచిన కంపెనీ మునిగినచో, వేఱుచేయుటకేమున్నది? ఉద్యోగి కోర్టుగుమ్మము పట్టుకొని వ్రేలాడవలసినదే. విమానములకు అద్దె బకాయి పడనీయని కంపెనీలు ఉద్యోగుల గ్రాట్యుటీని మాత్రము కాగితముపై నుంచుట ఏల సహింపవలెను? ప్రతినెల ఆ సొమ్ము కంపెనీ చేతికందని నిధిలో చేరవలెననియు, చేరకున్నచో విమానములెగురుటకు అనుజ్ఞ నిలుపవలెననియు మా కోరిక. అనుజ్ఞ యిచ్చువారికి రెక్కలు, చక్రములు పరీక్షించు అధికారమున్నపుడు ఈ పుస్తకము పరీక్షించుట భారము కాజాలదు.

ఇక నిద్ర సంగతి. 2024 జనవరిలో విమానయాన డైరెక్టరు జనరలు కార్యాలయము వైమానికుల వారపు విరామమును 36 గంటలనుండి 48 గంటలకు పెంచి, రాత్రివేళ దింపదగిన విమానముల సంఖ్యను ఆఱునుండి రెండునకు తగ్గించుచు నిబంధనలు చేసెను. అవి ఆ సంవత్సరము జూనులోనే అమలు కావలసినవి. కంపెనీల ఒత్తిడిచే వాయిదాపడి, ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యము నడచిన పిమ్మట, 2025 జూలైలో కొంతయు నవంబరు 1 నుండి మిగతయు అమలునకు వచ్చినవి. కంపెనీలకు దాదాపు రెండేండ్ల వ్యవధి దొరకెనుగదా! అయినను 2025 డిసెంబరు మొదటివారమున ఇండిగో కంపెనీ కావలసిన చోదకులు లేక వేలకొలది విమానములను రద్దుచేసెను. శంషాబాదు మొదలు ఢిల్లీ వఱకు జనులు మూటలపై నిద్రించిరి. డిసెంబరు 5 న ప్రభుత్వము చేసినదేమి? ఆ కంపెనీకి రాత్రి పని నిబంధనలను 2026 ఫిబ్రవరి 10 వఱకు సడలించినది. సిబ్బందిని పెంచుకొనని కంపెనీకి గడువు, నిద్ర కావలెనన్న చోదకునకు రాత్రి పని!

ఆనాడు ప్రయాణికుల ఇక్కట్టులు తీర్చవలసియుండె ననుట మేము కాదనము. కాని విమానములను తగ్గించి తీర్చుట యొక మార్గము, నిద్రను తగ్గించి తీర్చుట మఱియొక మార్గము. ప్రభుత్వము రెండవదానిని కూడ పట్టెను. ఆ సడలింపు కాలమున ఎందఱు చోదకులు రెంటికి మించి రాత్రివేళ విమానములు దింపిరో, ఎందఱు అలసితిమని నివేదించుకొనిరో, వారిలో ఎందఱిమీద కంపెనీ చర్య తీసికొనెనో, ఆ లెక్కలను పార్లమెంటు బల్లపై పెట్టవలెనని కోరుచున్నాము.